ముళ్ళు లేని కాక్టస్, మన వానలు

(ప్రాంతీయ కార్యాలయంలో సిబ్బంది నెలవారీ ముచ్చట్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ నెల ప్రసంగం నాదనగానే మొండి బకాయిల వసూలు గురించి చెబుతాననుకుని కొందరు ముందుగానే వెనక వరసల్లో సర్దుకున్నారు. కంగారు పడకండి. ఇవాళ మొక్క గురించి మాట్లాడతాను.

ముందుగా ఒక ప్రశ్న. మీలో ఎంతమంది ఇళ్ళలో కాక్టస్ ఉంది? నాలుగు చేతులు. సరే. ఎంతమంది ఇళ్ళలో బ్రహ్మకమలం ఉంది? ఇప్పుడు సగం హాలు చేతులెత్తింది. అంటే సగం హాలు ఇళ్ళలో కాక్టస్ ఉన్నట్టే. అర్ధరాత్రి పూస్తుందని నిద్ర మానుకుని కూర్చుని, పక్కింటివాళ్ళను పిలిచి, హారతిచ్చి, ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెడతామే, ఆ మొక్క ఎపిఫిల్లమ్ అనే కాక్టస్. మనం ఆకు అనుకునేది నిజానికి కాండం. హిమాలయాల్లో పూసే అసలు బ్రహ్మకమలం వేరు. అది ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందినది. మన పెరటి మొక్క సొంతవూరు మెక్సికో, గ్వాటెమాల వైపు అడవులు. అక్కడ చెట్ల కొమ్మల మీద, నీడలో, తడిలో పెరుగుతుంది. అందుకే మన వానలంటే దానికి భయం లేదు. ముళ్ళు లేవు, వాన పడుతుంది, ఆకు గుచ్చితే బతుకుతుంది. అంత సులువైన మొక్క గురించి ప్రసంగం అక్కర్లేదు.

నేను చెప్పబోయేది దాని దాయాది గురించి. ముళ్ళు దానికీ లేవు. కానీ వానంటే ప్రాణాంతకం. పేరు ఆస్ట్రోఫైటమ్ ఆస్టీరియాస్. గ్రీకులో ఆస్టర్ అంటే నక్షత్రం, ఫైటాన్ అంటే మొక్క. మా అమ్మాయి దాన్ని బూరె అంటుంది. ఆ పేరే సరిగ్గా ఉంటుంది. గుండ్రంగా, పైన కొంచెం నొక్కినట్టు, కమలాపండు తొనల్లా ఎనిమిది భాగాలు, ఒక్కో తొన నడుమ దూదిపింజల్లాంటి బొట్లు వరసగా, ఒళ్ళంతా సన్నటి తెల్ల చుక్కలు. బాగా పెరిగితే అరచేయంత అవుతుంది. దానికి చాలా ఏళ్ళు పడుతుంది. నడినెత్తిన పసుపు పువ్వు పూస్తుంది, పువ్వు గొంతు ఎరుపు. ముద్దు చేయడానికి చేయి పెట్టినా గుచ్చుకోని కాక్టస్ అది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. కాక్టస్ అనగానే మన ఊళ్ళ గట్ల మీది నాగజెముడు గుర్తొస్తుంది. అది కూడా మనది కాదు. కాక్టస్ జాతులన్నీ అమెరికా ఖండాలవే. ఒకే ఒక్క జాతి మాత్రం ఆఫ్రికాలోనూ, మన పక్కనున్న శ్రీలంకలోనూ సహజంగా పెరుగుతుంది. దాని పేరు రిప్సాలిస్, దానికీ ముళ్ళు ఉండవు. మనం జెముళ్ళని పిలిచే వాటిలో కాడజెముడు, బొంతజెముడు అసలు కాక్టస్‌లే కావు. గిల్లితే పాలు కారితే అది కాక్టస్ కాదని చాలావరకు చెప్పేయవచ్చు.

మళ్ళీ మన బూరె దగ్గరికి వస్తాను. 2003లో నేను ప్రొబేషనరీ ఆఫీసరుగా అనంతపురం జిల్లాలో ఒక బ్రాంచిలో చేరాను. అప్పటి మా మేనేజర్ గారు ఆ జిల్లా మనిషే. పంట రుణాల కాలంలో రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరినా, టార్చిలైటు పట్టుకుని డాబా ఎక్కి ఆ కుండీల చుట్టూ ఒకసారి తిరిగేవారు. ఆయన దగ్గర ఆస్టీరియాస్‌లు ఏడెనిమిది ఉండేవి. ఒకరోజు నేను అమాయకంగా, ‘ఎడారి మొక్క కదా సార్, మన ఎండలు దీనికి లెక్కేనా?’ అన్నాను. ఆయన నవ్వి, ‘ఎండ లెక్క కాదప్పా, రాత్రి లెక్క’ అన్నారు.

ఆ మాట నాకు పూర్తిగా అర్థం కావడానికి కొన్నేళ్ళు పట్టింది. ఈ ప్రసంగంలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకునేట్టయితే ఇది గుర్తుపెట్టుకోండి. మామూలు మొక్కలు పగటిపూట ఆకుల్లోని రంధ్రాలు తెరిచి గాలి తీసుకుంటాయి. కాక్టస్ అలా చేస్తే ఒంట్లోని నీరంతా ఆవిరైపోతుంది. అందుకని పగలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. రాత్రి దాచుకున్న బొగ్గుపులుసు వాయువును మర్నాడు ఎండలో వండుకుంటుంది. రాత్రి చల్లబడకపోతే? ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర అర్ధరాత్రి కూడా 28, 29 డిగ్రీలు ఉంటుంది. అప్పుడు దాని పని దాదాపు ఆగిపోతుంది, వేళ్ళు నీరు తాగడం తగ్గిస్తాయి. మనమేమో ‘పాపం, ఎండ మండిపోతోంది’ అని చెంబుడు నీళ్ళు పోస్తాం. తాగని నీరు వేడి మట్టిలో వేళ్ళ చుట్టూ నిలుస్తుంది. రెండు రోజుల్లో వేరు ఉడికి కుళ్ళుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ రోజుల్లో ఈ మొక్కకు ఇవ్వాల్సింది నీడ, గాలి. నీళ్ళు కాదు. మరీ ముడుచుకుపోతే పది పదిహేను రోజులకోసారి, పొద్దుగూకాక, కుండీ అంచు వెంబడి కొద్దిగా పోస్తే చాలు.

నీడ అన్నాను కదా, అది కూడా అవసరమే. ఎడారి మొక్క అని పేరే గానీ, ఆస్టీరియాస్ పుట్టిల్లు ఇసుక తిన్నెలు కాదు. ఈశాన్య మెక్సికోలోని తమౌలిపాస్, న్యూవో లియోన్, వాటిని ఆనుకుని టెక్సాస్ దక్షిణ కొసలో స్టార్ కౌంటీ. అక్కడి తుమ్మపొదల్లాంటి పొదల కింద, సగం నీడలో, మట్టిలోకి కుంగి ఉంటుంది. కరువొస్తే ఇంకా కుంగి, పైన దుమ్ము పడి, పక్కనే నిలబడ్డా కనిపించదు. ముళ్ళు లేని మొక్కకు కనబడకపోవడమే రక్షణ. ఎంత బాగా దాక్కుంటుందంటే, 1840లలో యూరపు శాస్త్రవేత్తల చేతికి వచ్చిన ఈ మొక్కను ఆ తర్వాత చాలాకాలం ఎవరూ అడవిలో మళ్ళీ చూడలేదు. 1923లో చెక్ దేశస్థుడు ఆల్బెర్టో ఫ్రిచ్ వెతికి పట్టుకున్నాడు.

ఆ స్టార్ కౌంటీలో ఏడాదికి సుమారు 500 మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడుతుంది. అనంతపురంలోనూ అంతే, సుమారు 550. అంటే వాన మొత్తంలో తేడా ఏమీ లేదు. తేడా తడి ఎన్ని రోజులుంటుందన్న దానిలో ఉంది. అక్కడ ఒక జల్లు పడుతుంది, ఎండ కాస్తుంది, గాలి వీస్తుంది, మూడోరోజుకు నేల పొడి. మన దగ్గర ముసురు పడితే వారం రోజులు బట్టలే ఆరవు. అనంతపురంలో మేనేజర్ గారి మొక్కలు డాబా మీద ఒక రేకు పందిరి అంచున నిక్షేపంగా ఉండేవంటే అక్కడ ముసురు తక్కువ కాబట్టి.

ఆయన 2008లో రిటైరయ్యారు. 2012లో నాకు విశాఖపట్నం బదిలీ వచ్చినప్పుడు వెళ్ళి చెబితే, రెండు మొక్కలు పాత న్యూస్ పేపరులో చుట్టి చేతిలో పెట్టారు. ‘రెండెందుకు సార్?’ అంటే, ‘ఒకటైతే కాయ కాయదప్పా’ అన్నారు. ఇది నిజం. ఆస్టీరియాస్ పువ్వుకు తన సొంత పుప్పొడి పనికిరాదు. రెండు వేర్వేరు మొక్కలు ఒకేరోజు పూయాలి. పక్క పిలకలు కూడా మామూలుగా వేయదు. గింజ ఒక్కటే దారి.

విశాఖలో ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్ల వాన, పైగా సముద్రపు గాలి. అక్కడ డాబా మీద పారదర్శకంగా ఉండే పాలీకార్బనేట్ రేకుతో నాలుగు వైపులా తెరిచిన చిన్న పందిరి వేశాం. కింద 50 శాతం షేడ్‌నెట్. రెండేళ్ళు బాగా నడిచింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. హెచ్చరికలు విని ముందురోజే కుండీలు లోపలికి చేర్చాం. మర్నాటికి పందిరి లేదు, కిటికీ అద్దాలు లేవు, కరెంటు లేదు. బ్రాంచిలో జనరేటరు మీద నగదు ఇవ్వడానికి మేం పొద్దున వెళ్ళి రాత్రి వచ్చేవాళ్ళం. కిటికీలకు అట్టలు బిగించిన ఇంట్లో, చీకట్లో, తడిగాలిలో మొక్కలు పది రోజులున్నాయి. పదకొండో రోజు ఒకదాన్ని వేలితో నొక్కితే లోపలికి దిగింది.

మన ఖాతాల్లో 30 రోజులు, 60 రోజులు దాటగానే కంప్యూటర్ గంట కొడుతుంది. ఈ మొక్కకు అలాంటి ఎస్‌ఎంఏ దశలు లేవు. పైకి ఆకుపచ్చగా నవ్వుతూనే ఉంటుంది, లోపల అంతా అయిపోయి ఉంటుంది. అందుకే వానాకాలంలో వారానికోసారి వేలితో మెల్లగా నొక్కి చూడాలి. గట్టిగా ఉంటే సరే. ముడుచుకుని గట్టిగా ఉంటే దాహం, అది ప్రమాదం కాదు. మెత్తగా ఉండి మొదలు దగ్గర గోధుమరంగు కనిపిస్తే ప్రమాదం. కుండీలో ఊగుతుంటే వేరు పోయినట్టే. అప్పుడు ఆలోచించకుండా బయటికి తీసి, శుభ్రమైన కత్తితో కింది నుంచి పలచగా కోసుకుంటూ వెళ్ళాలి. కోసిన చోట మచ్చలేని తెల్లటి కండ కనిపించేదాకా కోయాలి. గంధకం పొడి అద్ది నీడలో ఆరబెట్టాలి. మిగిలిన ముక్క బాగుంటే డ్రాగన్‌ఫ్రూట్ కాండం మీద అంటు కట్టి బతికించవచ్చు. డ్రాగన్‌ఫ్రూట్ కూడా కాక్టసే. 2021లో గుజరాత్ ప్రభుత్వం దానికి కమలం అని పేరు పెట్టింది. చూశారా, మన దేశంలో కాక్టస్‌కు మర్యాద రావాలంటే కమలమైపోవాలి! ఆ కాండం మన వానలను తట్టుకుంటుంది కాబట్టి తడి ప్రాంతాల్లో అంటు మొక్క క్షేమం. అయితే అంటు కట్టిన ఆస్టీరియాస్ త్వరగా ఉబ్బి, ఆ బూరె ఆకారం పోయి, స్తంభం మీద పెట్టిన బంతిలా ఉంటుంది. అందం కోసమైతే సొంత వేళ్ళ మొక్కే నాకిష్టం.

ఆ విశాఖ మొక్కలో కోయడానికి తెల్ల కండే మిగల్లేదు. మేనేజర్ గారికి ఫోన్‌లో చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. ‘మీవాళ్ళంతా బాగున్నారా?’ అని అడిగి, ‘ఉన్న దాన్ని తడవనీయొద్దు’ అని పెట్టేశారు. అప్పటి నుంచి ప్రతి ఏడూ మృగశిర కార్తె రాగానే ఆయన దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది. నేనే ఊళ్ళో ఉన్నా ఒకటే ప్రశ్న. ‘వాన పడిందా? కప్పినావా?’

2017లో ముంబై వేశారు. ఏడాదికి 2000 మిల్లీమీటర్లు దాటే వాన, అదీ నాలుగు నెలల్లో. అపార్టుమెంటు కిటికీ గ్రిల్లులోకి వాన పైనుంచి కాదు, పక్కనుంచి వస్తుంది. అక్కడ ఏ పందిరీ పనికిరాదు. జూన్ మొదటి వారంలో కుండీని పూర్తిగా ఎండబెట్టి, లోపల కిటికీ పక్క బల్ల మీద పెట్టేవాళ్ళం. రోజూ రెండు గంటలు చిన్న టేబుల్ ఫ్యాన్. సెప్టెంబరు చివరిదాకా దానికి ఇచ్చిన నీళ్ళు రెండు టీ కప్పులు. అది కుంచించుకుని అప్పచ్చిలా పలచబడేది. అక్టోబరులో తడిపితే వారంలో మళ్ళీ బూరె. దేశంలోకెల్లా బాగా తడిసే నగరాల్లో ఒకదానిలో నాలుగేళ్ళు అది కరువుతో బతికింది.

మట్టి సంగతి. నర్సరీల్లో కొనే కాక్టస్‌లు ఎక్కువగా కొబ్బరిపొట్టులో ఉంటాయి. పొట్టు తేలిక, రవాణాకు అనువు. కానీ వానాకాలంలో అది తడిపిన స్పాంజి. కొన్నవెంటనే, కాలం చూసుకుని, ఆ పొట్టంతా వేళ్ళ నుంచి రాల్చేయాలి. నేను వాడేది దొడ్డు ఏటి ఇసుక, ఇటుక ముక్కల నలుసు, ఇళ్ళు కట్టేచోట దొరికే బేబీ చిప్స్. ఇవన్నీ జల్లెడ పట్టి సన్న పొడి తీసేసి, కడిగి ఎండబెట్టినవి. వీటికి పదింట ఒక వంతో రెండు వంతులో బాగా మాగిన వర్మీకంపోస్టు. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పు. కుండీ మట్టిదైతే త్వరగా ఆరుతుంది. మొక్క కన్నా వేలెడు వెడల్పు ఉంటే చాలు. పెద్ద కుండీలో వేరు అందని మట్టి తడిగా మిగిలిపోతుంది. బోరు నీళ్ళ కన్నా పట్టి ఉంచిన వాననీరు మేలు. వానను పడనీయకుండా కప్పి, అదే వాననీటిని మనం లెక్కపెట్టి పోయడం చూసి మా ఆవిడ నవ్వుతుంది.

శత్రువుల్లో పిండినల్లి అందరికీ తెలిసిందే. వేళ్ళకు పట్టే పిండినల్లి మాత్రం కనిపించదు, ఏడాదికోసారి కుండీ మార్చినప్పుడే బయటపడుతుంది. వానల్లో నత్తలు. ముళ్ళు లేని మొక్కకు ఇంకో కష్టం ఉడుతలు, ఎలుకలు. వాటికిది ఒలిచి పెట్టిన పండు. కోళ్ళకు వాడే జాలీ బిగించక తప్పదు.

కొనేటప్పుడు రెండు మాటలు. మొక్క నెత్తిన జిగురుతో ఎండుపూలు అతికించి అమ్మేవారి దగ్గర ఏమీ కొనకండి. రెండోది ముఖ్యం. అడవిలో ఈ మొక్క ప్రమాదంలో ఉంది. అమెరికా 1993లోనే దీన్ని అంతరించే జాతుల జాబితాలో చేర్చింది. అంతర్జాతీయంగా సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉంది, అంటే అడవి నుంచి తవ్విన మొక్కల వ్యాపారం నిషిద్ధం. నర్సరీలో పెంచినవైనా సరిహద్దు దాటాలంటే పత్రాలు కావాలి. ‘విదేశీ మొక్క, వేళ్ళు లేకుండా వస్తుంది, నలభై ఏళ్ళది’ అని ఎవరైనా ఫోన్‌లో చెబితే ఆలోచించండి. ఖాతా తెరవడానికి ఇన్ని కాగితాలు అడుగుతాం, మొక్కకూ కేవైసీ అడగండి. మన దేశంలోనే గింజల నుంచి పెంచేవాళ్ళున్నారు. కాలింపాంగ్ కాక్టస్ నర్సరీలకు ఎప్పటి నుంచో పేరు. హైదరాబాదులోనూ డాబాల మీద పెంచే కుర్రాళ్ళున్నారు.

అలాంటి ఒక కుర్రాడి దగ్గరే 2021లో, ఇక్కడికి వచ్చాక, రెండో మొక్క కొన్నాను. ఒంటరిదానికి జోడీ దొరికింది. 2022 జూలైలో రెండూ ఒకేరోజు పూశాయి. బుధవారం, మధ్యాహ్నం. పువ్వు పగలే విచ్చుతుంది, రెండు మూడు రోజులకు మించి ఉండదు. అమ్మాయి తన బొమ్మల బ్రష్‌తో ఇటు పుప్పొడి అటు, అటుది ఇటు అద్దింది. కాయ పండాక 74 గింజలు వచ్చాయి. చిన్న నల్లటి పడవల్లా ఉంటాయి. సెప్టెంబరులో, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, వేడినీటితో శుద్ధి చేసిన ఇసుక మీద చల్లాం. నాలుగో రోజుకే మొలకలు. మొదటి ఏడాది మాత్రం వీటికి తడి, నీడ కావాలి, పెద్ద మొక్కల సూత్రాలన్నీ తలకిందులు. మూడేళ్ళకు ఇప్పుడు 26 మిగిలాయి, ఒక్కోటి పది రూపాయల నాణెమంత.

మేనేజర్ గారు ఇప్పుడు బెంగళూరులో కూతురి దగ్గర ఉంటున్నారు. ఆయన మొక్కలు ఒక్కటీ లేవు. ఆసుపత్రిలో ఉన్న నెలన్నరలో ఇంట్లోవాళ్ళు ప్రేమగా రోజూ నీళ్ళు పోశారు. ఎవరినీ ఏమీ అనలేం. అంటే అనంతపురం డాబా మీది ఆ వంశంలో మిగిలింది నా దగ్గరున్న పాత మొక్క, దాని పిల్లలు ఇవి. నాకేమో వచ్చే జాబితాలో గువాహటి అంటున్నారు. అక్కడి వాన సంగతి మీకు తెలుసు.

డబ్బంతా ఒకే ఖాతాలో పెట్టొద్దని మనం ఖాతాదారులకు చెబుతాం. అందుకని ఇవాళ 20 మొలకలు తెచ్చాను. వెనక బల్ల మీద ట్రేలో ఉన్నాయి. అనంతపురం, కర్నూలు, కడప బ్రాంచిలవారికి ముందు ఇస్తాను. అక్కడ అవి సుఖంగా ఉంటాయి. కోస్తావారు తీసుకుంటే రేకు పందిరి ఉంటేనే తీసుకోండి. ధర ఏమీ లేదు. మొదటి పువ్వు పూసినప్పుడు నాకు కబురు చేయండి, అదే షరతు. దగ్గర్లో ఇంకొకరిది పూసి ఉంటే పుప్పొడి మార్చుకోవచ్చు. లేకపోతే కాగితం పొట్లంలో ఆరబెట్టి ఫ్రిజ్‌లో దాచండి.

మొక్కలు పేపరులో చుట్టి, మట్టి లేకుండా ఇస్తున్నాను. రేపే నాటేయొచ్చు, కానీ పది రోజుల దాకా నీళ్ళు పోయొద్దు. ఇవాళ వాన పడేట్టుంది, బ్యాగులో అడుగున కాకుండా పైన పెట్టుకోండి. ఏవైనా ప్రశ్నలుంటే టీ తాగుతూ మాట్లాడుకుందాం.